కథలాపూర్ దాటితే దుబాయి

పోయిన వారం రత్నమాలను గడప మీద నిలబెట్టి వదిలేశాం. కాబట్టి ముందు ఆ సంగతి చూద్దాం.

సిరిసిల్లలో కుట్టు మిషన్ల షెడ్డులో పనిచేసే ఆడవాళ్లంతా కలిసి ఒక బస్సు మాట్లాడుకున్నారు. కథలాపూర్ దాటాక, కోరుట్ల రోడ్డు మీద కొత్తగా వెలిసిన ఇసుక పార్కుకు ఒక రోజు షికారు. రత్నమాల కూడా వస్తానంది. ఆమె మొగుడు శ్రీధర్ రెండేళ్లుగా దుబాయిలో ఉన్నాడు. వచ్చే బుధవారం సెలవు మీద వస్తున్నాడని ఇల్లంతా హడావిడిగా ఉంది. మామ కనకయ్య శంషాబాద్ విమానాశ్రయానికి బండి మాట్లాడాడు. ఆ మాట వాడకట్టులో ఆయన చెప్పని మనిషి లేడు. అత్త సత్తవ్వ మాత్రం తలుపుకు అడ్డంగా నిలబడింది.

"నా కొడుకు దుబాయి ఇసుకల ఎండుతుంటే నువ్వు ఇసుకల ఆటలాడ పోతవా? శరం లేదా? గడప దాటినవంటే మల్ల గీ ఇంట్లకు రాకు" అంది.

రత్నమాల చెప్పులు తొడుక్కుంది. గడప దాటింది.

దాటడం వరకు ధైర్యం పనిచేసింది. బస్సు వేములవాడ చేరేదాకా మాత్రం ఆమె కిటికీకి తల ఆనించి మాట్లాడకుండా కూర్చుంది. పక్క సీటులో దుర్గవ్వ. రోజూ ఎల్లంతకుంట నుంచి బస్సెక్కి షెడ్డుకు వచ్చి కాలర్లు కుట్టే మనిషి. ఆమె నోరు మూసుకొని కూర్చోగా షెడ్డులో చూసినవాళ్లు లేరు. వేములవాడ బస్టాండు దగ్గర బస్సు ఆగగానే దిగి, మల్లెపూలు కొనుక్కొచ్చి, అడగకుండానే రత్నమాల జడలో పెట్టేసింది.

"అద్దక్కా" అంది రత్నమాల.

"ఎందుకద్దు? నీ మొగడు దుబాయిల ఉన్నడు. సచ్చిపోలే."

బస్సంతా గొల్లుమంది. రత్నమాలకూ నవ్వొచ్చింది గానీ, అలవాటు కొద్దీ ఆపుకుంది.

మొగుడు ఊళ్లో లేని ఆడదానికి మన దగ్గర చట్టాలు ఎక్కువ. పూలు పెట్టుకుంటే ఎవరి కోసం అంటారు. కొత్త చీర కడితే ఎవరు తెచ్చారు అంటారు. గట్టిగా నవ్వితే ఏం చూసుకొని ఈ మిడిసిపాటు అంటారు. ఈ చట్టాలన్నీ మగవాళ్లే రాశారని అనుకోకండి. సత్తవ్వకు అన్నీ కంఠతా వచ్చు. పోయిన సద్దుల బతుకమ్మ నాడు వాడకట్టు ఆడవాళ్లంతా చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే రత్నమాల ఇంట్లో కూర్చుని ఆ చప్పట్లు విన్నది. "వాడు గాడ తక్లీఫ్ పడుతుంటే నీకు ఆటలా" అంది అత్త. ఆ సాయంత్రం వీడియో కాల్‌లో శ్రీధర్ కూడా, "అమ్మ చెప్పినట్టు విను మాలా" అన్నాడు. విన్నది. మొగుడు ఎండలో మాడుతున్నాడంటే తను నీడలో నవ్వడం తప్పేనేమో అని నిజంగానే నమ్మింది. అదే నాకు కోపం.

సరే, పార్కు దగ్గరికి వద్దాం.

అల్-కోరుట్ల డెజర్ట్ పార్క్. నేను పెట్టిన పేరు కాదు, గేటు మీద బోర్డే అలా ఉంది. ప్రేమ్‌సాగర్ అనే ఆయన గల్ఫులో చాలా ఏళ్లు బండి నడిపి తిరిగొచ్చాడు. తిరిగొచ్చినవాళ్లంతా ఇల్లు కడతారు, ఈయన ఎడారి కట్టాడు. పసుపు తవ్విన చేన్లకూ మక్కజొన్న చేన్లకూ మధ్య లారీల కొద్దీ ఇసుక పోయించి మేడంత దిబ్బలు లేపాడు. గేటుకు అటొకటి ఇటొకటి ప్లాస్టిక్ ఖర్జూర చెట్లు. మధ్యలో నారింజ రంగు గుడారం. రాజస్థాన్ నుంచి తెచ్చిన ఒంటె ఒకటి, పాపం, మక్క సొప్ప తినడానికి అలవాటు పడిపోయింది.

నవ్వుకోవచ్చు గానీ, మనుషులు మాత్రం వస్తూనే ఉన్నారు. ఈ చుట్టుపక్కల దుబాయికి మనిషిని పంపని ఊరు లేదు. పంపిన ఆడవాళ్లలో దుబాయి చూసింది ఎంతమంది? బుగ్గారం నుంచి వచ్చిన ఒక ముసలమ్మ చెప్పులు విప్పి, ఇసుకలో పాదం పెట్టి, వెంటనే తీసేసి, "గింత వేడిల ఉంటడా నా కొడుకు?" అని పక్కవాళ్లను అడుగుతోంది. రత్నమాల కూడా చెప్పులు విప్పింది. ఇసుక చురుక్కుమంది. కాలు తీయకుండా అలాగే నిలబడి శ్రీధర్‌ను తలుచుకుంది.

మైకు పట్టుకొని ప్రేమ్‌సాగర్ ఎదురొచ్చాడు.

"రాండ్రి, రాండ్రి అక్కలారా! దుబాయి పోనీకి పాస్‌పోర్టు గావాలె, గీడికి సిరిసిల్ల బస్సు చాలు! ఒంటె ఎక్కుండ్రి, మోటరు తోలుండ్రి, దిబ్బ మీదికెళ్లి జారుండ్రి. షేక్ సాబ్ పక్కన ఫోటో దిగుండ్రి. ఆయనకు తెలుగు రాదు, ముచ్చట పెట్టకుండ్రి."

గుడారం ముందు షేక్ సాబ్ నిలబడి ఉన్నాడు. మడమల దాకా తెల్లటి అంగీ, తల మీద ఎర్ర గళ్ల గుడ్డ, కళ్లకు నల్లద్దాలు. ఆ గుడ్డతోనే ముక్కు నుంచి గడ్డం దాకా చుట్టుకున్నాడు.

"తెలుగు రాకుంటేంది? ఫోటోకు తెలుగెందుకు?" అని దుర్గవ్వ నేరుగా వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది. షేకు చెయ్యి విడిపించుకొని ఒంటె చాటుకు పోయాడు.

"అగో, గీ షేకు సిగ్గువడుతుండే! గీయన ఏ దేశపోడే?" అని దుర్గవ్వ అరిస్తే ఆడవాళ్లు కడుపు పట్టుకొని నవ్వారు.

తరువాత ఆమె ఒంటె ఎక్కింది. ఒంటె మొదట వెనక కాళ్లు లేపింది. దుర్గవ్వ దాని మెడ మీదికి తూలి, "ఓ వేములవాడ రాజన్నా, గిది లేస్తుందా కూలుతుందా చెప్పుండ్రే!" అని కేకలు పెట్టింది. దిగాక మళ్లీ ఎక్కుతానంది. అంతలో షెడ్డు పిల్లలు నాలుగు చక్రాల మోటారు బండి మీద రత్నమాలను కూర్చోబెట్టారు. జీవితంలో సైకిలు తప్ప ఏమీ తొక్కని మనిషి. హ్యాండిల్ కాస్త తిప్పగానే బండి ముందుకు దూకింది. ఇంకాస్త తిప్పింది. ఇసుక ఎగిసి చీర మీద పడుతోంది. చుట్టు తిరిగి వచ్చాక ఆపమంటే ఆపలేదు, ఇంకో చుట్టు పోయింది. దిగేసరికి జడ ఊడిపోయి, మల్లెపూలు ఎక్కడో రాలిపోయి ఉన్నాయి.

"ఏమే, ఏడుస్తున్నవా?" అంది దుర్గవ్వ.

"ఇసుక వడ్డది కండ్లల్ల" అని రత్నమాల పెద్దగా నవ్వేసింది. ఆ నవ్వు వింటే సత్తవ్వకు జ్వరం వచ్చేది.

జారే బోర్డు ఆట అసలైనది. మనిషంత పలక, దాని ముందు కొసకు సన్నని తాడు. తాడు పట్టి పలకను దిబ్బ మీదికి ఈడ్చుకుపోవాలి. పైన దాని మీద కూర్చుని, కాళ్లు చాపి, కిందికి వదలాలి. మొదటిసారి రత్నమాల కళ్లు మూసుకొని జారింది. సగం దారిలో కళ్లు తెరిచింది. చెవుల నిండా గాలి. కింద పల్టీ కొట్టి ఇసుకలో వెల్లకిలా పడింది. లేచి, కొంగు బొడ్లో దోపి, మళ్లీ పలక ఈడ్చుకుంటూ ఎక్కడం మొదలుపెట్టింది.

సగం ఎక్కేసరికి తాడు తెగింది.

పలక వెనక్కి జారబోయింది. కింద దుర్గవ్వ కూర్చుని చెప్పుల్లో ఇసుక దులుపుకుంటోంది. పలక పోయి ఆమెకు తగిలేదే. దిబ్బ పక్కన వేసిన మెట్ల మీద నుంచి దిగుతున్న షేకు ఒక్క అంగలో వచ్చి పలకను కాలితో ఆపాడు. తెగిన తాడు రెండు కొసలూ ఎడమ చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలి మీద ఒకదాని మీద ఒకటి పెట్టి, చుట్టి, లాగాడు. ముడి పడింది. ఇంకో చేత్తో మొహం మీది గుడ్డ కిందికి లాగి, తాడు తోకను పళ్లతో పుటుక్కున కొరికి, పక్కకు ఉమ్మాడు.

సిరిసిల్లలో సాంచాల మధ్య పెరిగిన వాళ్లకు దీని గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెప్తున్నాను. మరమగ్గాన్నే అక్కడ సాంచా అంటారు. సాంచా నడుస్తుంటే పోగు తెగుతుంది. ఆపాలి, కొసలు కలిపి ముడి వేయాలి, తోక మిగిలితే బట్టలో కనిపిస్తుంది కాబట్టి కొరికేయాలి. చిన్నప్పటి నుంచి వేలసార్లు చేసిన పని. చెయ్యి తనంతట తనే చేస్తుంది, పళ్లు వాటంతట అవే వస్తాయి. ఇసుక మీద ఈడ్చే పలక తాడుకు తోక ఉంటే ఎవరికి నష్టం? ఏ షేకైనా అలాగే వదిలేస్తాడు. సాంచా నడిపినవాడు మాత్రం వదలలేడు.

రత్నమాల ఆ చేతిని చూసింది. ఆ పళ్లను చూసింది. ఆ పెదవినీ, గడ్డాన్నీ చూసింది. నల్లద్దాలు తీయాల్సిన పని కూడా లేకపోయింది.

అతను గుడ్డ పైకి లాక్కున్నాడు. అప్పటికే ఆలస్యమైంది.

"శ్రీధరా" అంది ఆమె. పెళ్లయ్యాక మొగుణ్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

అతను దిబ్బ దిగి గుడారం వెనక్కి నడిచాడు. ఆమె పలక అక్కడే పడేసి వెంట నడిచింది.

గుడారం వెనక నీళ్ల డ్రమ్ములు, మక్క సొప్ప కట్టలు, ఒక మంచం. శ్రీధర్ నల్లద్దాలు తీశాడు. కళ్ల చుట్టూ ఇసుక అంటుకొని ఉంది.

"మాలా..."

"అరె, తెలుగచ్చా? రాదన్నరు?"

"సప్పుడు చెయ్యకు. నీ కాళ్లు మొక్కుత. అందరు చూస్తుండ్రు."

"చూడనీ. ఎప్పుడచ్చినవ్?"

అతను నేల చూశాడు. "వానకాలం. కంపెనీ మూతవడ్డది. అందరిని పంపిచ్చిండ్రు. హైదరాబాద్ల దిగంగనే అమ్మకు ఫోన్ చేసిన."

"నాకు చెయ్యలే."

"అమ్మ అన్నది, ఇప్పుడే ఇంటికి రాకు, ఇజ్జత్ పోతది అని. పోయేటప్పుడు నేను నలుగుట్ల అన్న గదా, మల్ల సాంచా ముట్ట అని. నాయిన సుత గదే చెప్పుకుంట తిరుగుతుండు. ఏ మొకం పెట్టుకొని రావాలె? ప్రేమ్‌సాగరన్న దుబాయిల ఎరుకే. గీడ పని ఇచ్చిండు."

రత్నమాలకు వినిపిస్తోంది గానీ, మనసు వేరే లెక్కలో పడింది. వానాకాలం అన్నాడు. బతుకమ్మ దాని తరువాత వచ్చింది. తను తలుపు చాటున చప్పట్లు వింటున్న సాయంత్రం ఇతను ఇక్కడ, బస్సెక్కితే చేరగలిగేంత దూరంలో నిలబడి, అమ్మ చెప్పినట్టు విను అన్నాడు.

"గా వీడియో కాల్లు?"

అతను దిబ్బ వైపు చెయ్యి చూపించాడు. "గాడికెక్కి చేసిన."

ఆ దిబ్బను ఆమె షెడ్డులో అందరికీ చూపించింది. మా ఆయన పనిచేసే చోటు అని ఫోను చేతికిచ్చి మరీ చూపించింది. సిరిసిల్లలో చీకటి పడే వేళకే ఫోన్లో అతని వెనకా చీకటి పడేది. దుబాయిలో పొద్దు మనకంటే వెనక గూకుతుంది కదా అని పక్కింటామె అడిగితే రత్నమాల ఆమెతో కొట్లాడింది. మొగుడి మీద అనుమానం పుట్టిస్తావా అని నెల రోజులు పలకలేదు. ఆ పక్కింటామెకు క్షమాపణ చెప్పాలి, ఇంటికి వెళ్లగానే, అందరికంటే ముందు.

"అత్తకు మొదటి నుంచి ఎరుకనే అన్నమాట" అంది.

శ్రీధర్ అంగీకి అంటిన ఇసుక దులుపుకున్నాడు.

"సోమవారం సోమవారం వేములవాడ పోతది. కొడుకు సల్లగుండాలె అని మొక్కు అంటది."

"గుడి కాడ కలుస్తది" అన్నాడు మెల్లగా.

"నేను చేసిచ్చిన సకినాలు? గుడి కాడ బిచ్చపోళ్లకు పంచుత అని పట్టుకపోయేది."

అతని తల ఇంకా కిందికి వంగింది.

"బాగున్నయా?" అంది రత్నమాల.

ఈ మాటకు అతను ఏడ్చాడు. మగవాడు ఏడిస్తే చూడలేమని మనలో చాలామంది అంటారు. రత్నమాల చూసింది, తాపీగా, అయిపోయేదాకా. సకినం పిండిని వేళ్లతో సుట్టలు సుట్టడానికి ఆమెకు ఎంతసేపు పట్టేదో ఆమెకు తెలుసు. దేవుడి దగ్గర ఎవరో ఆకలిగొన్నవాళ్లు తింటారు, ఆ పుణ్యం దుబాయికి చేరుతుందని సుట్టేది.

"అమ్మ పొద్దున ఫోన్ చేసింది, నువ్వు ఇటే అస్తున్నవని" అన్నాడు అతను కళ్లు తుడుచుకుంటూ. "అన్నను సెలవడిగిన. గింత మంది అచ్చే రోజు షేకు లేకుంటె ఎట్లనని ఇయ్యలే. మొకం కప్పుకున్న గదా, ఎవలు గుర్తువడుతరు అనుకున్న."

పొద్దున తలుపుకు అడ్డంగా నిలబడ్డ సత్తవ్వ గుర్తొచ్చింది. ఆ కోపం వెనక ఉన్నది భయమని ఇప్పుడు అర్థమైంది.

శ్రీధర్ మంచం కింద నుంచి పెద్ద సూట్‌కేసు ఒకటి లాగి తెరిచాడు. మెత్తటి దుప్పట్లు, సెంటు సీసాలు, సబ్బులు, నొప్పుల మందు డబ్బాలు. దుబాయి నుంచి వచ్చినవాళ్లు వాడకట్టులో పంచేవన్నీ ఉన్నాయి. అన్నీ కోరుట్ల బజార్లో కొన్నవే.

"బుధవారం పొద్దుగాల అన్న నన్ను శంషాబాద్ల దింపుతడు. మీరు అచ్చేసరికి నేను ట్రాలీ నూక్కుంట బయటకస్త. నాయిన దండ ఏస్తడు. గంతే. నువ్వు ఒక్క మాట మెదపకుంటె సాలు మాలా. ఇజ్జత్ దక్కుతది."

"అటెన్క?"

"అటెన్క సెలవు అయిపోయిందని మల్ల పోత."

"ఏడికి?"

అతను చుట్టూ చూశాడు. ఇక్కడికే. మళ్లీ ఆ దిబ్బ ఎక్కి ఫోన్ చేస్తాడు. మళ్లీ ఆమె పూలు పెట్టుకోదు. మళ్లీ సోమవారం సోమవారం సకినాలు వెళ్తాయి. ఎన్నేళ్లో కూడా అతను ఆలోచించి ఉండడు.

రత్నమాల సూట్‌కేసు మూత కాలితో మూసేసింది.

"ఇగ ఇను. షేకు వేషం కట్టినవని నాకు శరం లేదు. ఒంటె కాడ పెండ తీసినా శరం లేదు. పని పనే. కంపెనీ మూతవడితే నీ తప్పు గాదు. సాంచా ముట్ట అని అన్నవు, మల్ల ముట్టినా ఎవలు కొట్టరు. ఇంటికచ్చి, మాలా గిట్లయింది అంటె, నీ పక్కన నేను నిలవడుదును. వాడకట్టు మొత్తం నవ్వినా నిలవడుదును. నువ్వు అడగలే. నీకు నాకంటె ఇజ్జత్ ఎక్కువైంది. నన్ను పిచ్చిదాన్ని చేసి ఇంట్ల కూసోవెట్టిండ్రు తల్లీకొడుకులు. గది నేను మరువ."

"మాలా, జర మెల్లగ..."

"మెల్లగ మాట్లాడుడు అయిపోయింది. బుధవారం బండి శంషాబాద్ పోదు. నువ్వు ఇయ్యాల అస్తవు. మా బస్సుల, మా ఆడోళ్ల నడుమ, గీ అంగీతోటే అస్తవు. రాకుంటె రాకు. గని అబద్ధం మాత్రం ఇయ్యాలటితో బందు."

"నాయిన తట్టుకోడు" అన్నాడు శ్రీధర్.

నిజమే. కనకయ్య పొద్దునే లేచి వాకిలికి సున్నం కొట్టిస్తున్నాడు. కొడుకు కోసం ఇంటి ముందు పందిరి వేయిస్తానన్నాడు. ఈ ముసలాయన మనసు విరిచే పని తన చేతుల మీదుగా జరగాలా అని ఆమె కాళ్లు కాసేపు ఆగాయి. అత్త మీద ఉన్న కోపం మామ మీద లేదు. రెండేళ్లలో ఆయన ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. అయితే అత్త అంటున్నప్పుడు ఆపనూ లేదు.

ఆమె గుడారం వెనక నుంచి బయటికి వచ్చింది. దిబ్బ సగంలో పడి ఉన్న పలకను అందుకుంది. ఇప్పుడే ముడి వేసిన తాడు పట్టుకొని పైదాకా ఈడ్చింది. దిబ్బ కొనన నిలబడితే మక్క చేన్లు, వాటి అవతల కథలాపూర్ వైపు పోయే రోడ్డు, కిందకు చూస్తే షెడ్డు ఆడవాళ్లు. ఇంత ఎత్తు నుంచి మాట్లాడుతూ కూడా మొగుడు తనను కిందే ఉంచాడు. కూర్చుంది. కాళ్లు చాపింది. ఈసారి కళ్లు మూసుకోలేదు. గుడారం పక్కన తెల్ల అంగీలో నిలబడి చూస్తున్న శ్రీధర్‌ను చూస్తూనే వదిలింది.

కింద పలక తిన్నగా ఆగింది. పల్టీ కొట్టలేదు. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు.

"ఇంకోసారి పోతవానే?" అంది దుర్గవ్వ.

"పోత. ముందుగాల ఒక పని ఉన్నది."

అప్పుడే చేతి సంచిలో ఫోను మోగింది. మామ. వీడియో కాల్. కనకయ్యకు మామూలు ఫోను నచ్చదు, మొహం చూస్తే గాని మాట్లాడినట్టు ఉండదంటాడు. రత్నమాల మోకాళ్ల మీది ఇసుక దులుపుకొని ఎత్తింది. తెరంతా ఆయన నుదురే కనిపిస్తోంది.

"బిడ్డా, తిన్నవా? మీ అత్త పొద్దున అన్న మాటలు మనసుల పెట్టుకోకు. గడప నాది సుత. నువ్వు సక్కగ ఇంటికి రా. నేనున్న. గప్పుడే అందును గని నోరు రాలే."

పొద్దున రావాల్సిన మాట ఇప్పుడు వచ్చింది. ఇలాంటి మనిషిని బుధవారం నాడు పూలదండ పట్టుకొని శంషాబాద్‌లో నిలబెట్టి నవ్వులపాలు చేయాలా? తట్టుకోలేడని దాచడం కూడా ఆయనను పిచ్చివాణ్ని చేయడమే.

ఆమె నడుచుకుంటూ గుడారం దగ్గరికి వెళ్లింది. శ్రీధర్ తల అడ్డంగా ఊపుతూ వెనక్కి అడుగులు వేశాడు. వెనక ఒంటె ఉంది, ఆగిపోయాడు. రత్నమాల ఫోను అతని వైపు తిప్పింది.

"మామా, చూడు."

నుదురు దూరం జరిగి కనకయ్య మొహం కనబడింది. "అరే, శ్రీధరా! బిడ్డా, ఫోన్ల ఫోన్ పెట్టి చూపిస్తున్నవా? మంచిగ కనిపిస్తుండు. ఏమ్రా, చిక్కినవ్? టికెట్టు పక్కా అయిందా?"

శ్రీధర్ గుడ్డ మొహం మీదికి లాక్కోబోయాడు.

రత్నమాల ఫోనును చాచిన చేతితో పట్టుకొని, రెండో చేతిని మొగుడి భుజం మీద వేసింది. ఇసుక అంటిన చెయ్యి, మూడు గాజులు, తెల్ల అంగీ మీద తెరలో కనిపించేలా.

కనకయ్య ఆ చెయ్యిని చూశాడు. కొడుకు భుజం మీద కోడలి చెయ్యి. చూస్తూనే ఉన్నాడు. ఆయన మొహంలో సంతోషం మెల్లగా ఆరిపోవడం రత్నమాలకు స్పష్టంగా కనిపించింది. అయినా ఫోను దించలేదు.

"ఏడున్నర్రా మీరు?" అన్నాడు చివరికి.

"కథలాపూర్ కాడ మామా. వానకాలం నుంచి గీడనే ఉంటుండు."

అవతల సున్నం కొట్టే మనిషి ఎవరితోనో మాట్లాడుతున్న గొంతు ఒకటి దూరంగా వినిపించింది. కనకయ్య గొంతు సవరించుకున్నాడు. ఆయన అరవలేదు, తిట్టలేదు. అదే భయపెట్టింది.

"శ్రీధరా, ఒక్కటే అడుగుత. గీ ముచ్చట ఇంట్ల ఇంకెవలకన్న ఎరుకనా?"

తెరలో ఆయన వెనక తలుపు తెరుచుకుంది. సత్తవ్వ చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "ఎవలయ్యా ఫోన్ల?" అని అడుగుతూ వచ్చి, మొగుడి భుజం మీదుగా తెరలోకి వంగింది. తెల్ల అంగీ చూసింది. దాని మీది చెయ్యి చూసింది. కొంగు చేతిలోనే ఉండిపోయింది.

శ్రీధర్ తల్లిని చూశాడు, తండ్రిని చూశాడు, చివరికి సాయం కోసం పెళ్లాం వైపు చూశాడు.

"నన్ను చూడకు" అంది రత్నమాల. "అడిగేది నిన్ను. మీ అమ్మ ముంగటనే చెప్పు."